ఫెర్న్ మొక్కకు లేని వాసన

మగవారి సెంట్లలో క్లాసిక్ అనిపించుకున్నవి వందల్లో ఉన్నా, వాటి వంశాలు మాత్రం నాలుగైదే. నిమ్మ, నారింజ జాతి నూనెలతో తేలిగ్గా ఉండే కొలోన్లు ఒక వంశం. లావెండర్‌కు ఎండుగడ్డి తీపి తోడైన ఫూజేర్లు ఇంకొకటి. తడిసిన అడవిలా ఉండే షీప్రలు, వట్టివేరు మీద నిలిచినవి, దాల్చినచెక్క, లవంగం, సాంబ్రాణి కలిసిన మసాలా సెంట్లు మిగతావి. 1709లో జర్మనీలోని కొలోన్ నగరంలో మొదలైన ఈ వరస 1980ల చివర కొత్త రసాయనాల రాకతో మలుపు తిరిగింది. ఆ నడిమి కాలంలో పుట్టినవాటినే ఇప్పుడు వింటేజ్ అంటూ వెతికి కొంటున్నారు. అలాంటిదొకటి ఎంచుకోదలచినవారికి సీసా సొగసు గానీ, ప్రకటనలో కనిపించే నటుడు గానీ ఏమీ చెప్పరు. ఆ సెంటు ఏ వంశానిది, ఆ వంశానికి ఆధారమైన పదార్థం ఏది, అది ఇప్పటి సీసాలోనూ ఉందా అన్నవే అడగవలసిన ప్రశ్నలు. జవాబులు చరిత్రలో ఉన్నాయి.

కొలోన్ కథకు మూలపురుషుడు జొవాన్ని మరియా ఫరీనా. 1685లో ఉత్తర ఇటలీలోని సాంతా మరియా మజ్జోరె అనే కొండ ఊళ్లో పుట్టాడు. జర్మనీకి వలస వచ్చి, 1709లో మొదలైన కుటుంబ వ్యాపారంలో తన సుగంధ జలాన్ని అమ్మకానికి పెట్టాడు. అప్పటికి యూరప్ సంపన్నులు వాడుతున్నవి కస్తూరి, పునుగు, దాల్చిన నూనెల వంటి బరువైన వాసనలు. ఫరీనా వాటిని పక్కన పెట్టి శుద్ధమైన మద్యసారంలో నిమ్మ, నారింజ, బెర్గమాట్ తొక్కల నూనెలనూ, నారింజ పూల నూనెనూ, కొద్దిపాటి మూలికలనూ కలిపాడు. బెర్గమాట్ ఇటలీ దక్షిణాన కలాబ్రియా తీరంలో పండే నారింజ జాతి కాయ. దాన్ని తినడం తక్కువ, తొక్క నూనె కోసమే పెంచుతారు. ఉదయం వాన వెలిసిన తర్వాతి ఇటలీ తోటలను తన సెంటు గుర్తుకు తెస్తుందని ఫరీనా సోదరుడికి ఉత్తరం రాశాడు. ఊరి పేరే ఆ జలానికి పేరైంది. ఆ పేరు మీద ఎవరికీ హక్కు లేకపోవడంతో అనుకరణలు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిలో చివరిదాకా నిలిచినది 1792లో మ్యూల్హెన్స్ కుటుంబం మొదలుపెట్టిన 4711. ఫ్రెంచి సైన్యం కొలోన్‌ను ఆక్రమించి ఇళ్లకు అంకెలు వేసినప్పుడు వారి ఇంటికి వచ్చిన సంఖ్య అది.

ఆ రోజుల్లో కొలోన్‌ను ఒంటికి పూసుకోవడమే కాదు, కడుపునొప్పికీ తలనొప్పికీ మందుగా తాగేవారు కూడా. 1810లో నెపోలియన్ ప్రభుత్వం మందుల తయారీ రహస్యాలన్నీ బయటపెట్టాలని శాసించింది. రహస్యం వదులుకోవడం ఇష్టం లేని వ్యాపారులు తమది మందు కాదనీ, కేవలం పరిమళమనీ ప్రకటించుకున్నారు. మగవాడు సంకోచం లేకుండా వాడుకోగల తేలికపాటి సెంటు ఒక సొంత సరుకుగా స్థిరపడడంలో ఆ శాసనం పాత్ర చిన్నది కాదు. నెపోలియన్ స్వయంగా కొలోన్‌ను ధారాళంగా వాడేవాడు.

కొలోన్ బలమూ బలహీనతా ఒకచోటే ఉన్నాయి. ఏ సెంటైనా మూడు పొరలుగా విచ్చుకుంటుంది. నిమ్మ, నారింజ నూనెల అణువులు చిన్నవి, తేలికైనవి. చర్మపు వేడికి అవి ముందుగా ఎగిరిపోతాయి. అది పైవాసన, దాని ఆయుష్షు పావుగంట నుంచి అరగంట. పూలు, మూలికలు, మసాలాలు నడిమి వాసనగా రెండు మూడు గంటలు ఉంటాయి. చెక్కలు, వేళ్లు, బంకలు, కస్తూరి వంటివి అడుగు వాసనగా రోజంతా అంటిపెట్టుకుంటాయి. కొలోన్‌లో దాదాపు అంతా పైవాసనే. పరిమళ ద్రవ్యం నూటికి రెండు నుంచి అయిదు పాళ్లే ఉంటుంది. అందువల్ల గంట తిరిగేసరికి ఏమీ మిగలదు. దాన్ని లోపమనడం సరికాదు. మళ్లీ మళ్లీ చల్లుకోవడానికి చేసిన సరుకు అది.

పందొమ్మిదో శతాబ్దపు యూరప్ మగవాడికి ఇంతకు మించిన స్వేచ్ఛ లేదు. గాఢమైన పూల వాసన ఆడవారికే తగినదని స్థిరపడింది. మగవాడు చేతిరుమాలు మీద కొలోన్ గానీ లావెండర్ నీరు గానీ చిలకరించుకుంటే చాలనుకునేవారు. లండన్‌లో యార్డ్‌లీ 1873లో తన ఇంగ్లిష్ లావెండర్‌ను తెచ్చింది. అంతకు ముందు ఏడాదే విలియం పెన్‌హాలిగన్ అనే క్షురకుడు జెర్మిన్ వీధిలోని టర్కీ స్నానశాల వాసనల స్ఫూర్తితో హమామ్ బొకే తయారుచేశాడు. అమెరికాలో కరీబియన్ దీవుల బే ఆకులను రమ్ములో బట్టీపట్టిన బే రమ్ క్షౌరశాలల్లో వాడుకలోకి వచ్చింది. మగవారి సెంటు చరిత్రలో మంగలి కుర్చీకి ఉన్న చోటు మరి దేనికీ లేదు. గడ్డం గీశాక మంట తగ్గించి, చర్మాన్ని శుభ్రపరిచే ద్రవం అన్న మిషతోనే పరిమళం మగవాడి ముఖం మీదికి చేరింది.

దక్కనులో ఇలాంటి మిష అవసరం పడలేదు. కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాల్లో కర్పూరం ఎంత ధారపోశాడంటే ఆయనకు కర్పూర వసంతరాయలు అన్న బిరుదే వచ్చింది. ఆ సుగంధ ద్రవ్యాలను సముద్రాలు దాటించి తెచ్చిన వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టికి శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. హైదరాబాదులో చార్మినార్ చుట్టూ ఉన్న అత్తరు దుకాణాలు ఇప్పటికీ గులాబీ, ఖస్, షమామాలను మగవారికి నిస్సంకోచంగా అమ్ముతున్నాయి. అయితే అత్తరుకు ఆధారం మద్యసారం కాదు, చందన తైలం. అది మెల్లగా విచ్చుకుని, ఒంటికి దగ్గరగా ఉండిపోతుంది. యూరప్ సెంటు గాలిలోకి లేస్తుంది. రెండింటి స్వభావం వేరు, అందుకే ఒకదాని కొలతతో ఇంకోదాన్ని తూచడం కుదరదు.

మగవారి సెంటు అనగానే ప్రపంచమంతటా మనసుకు తట్టే ఆ ఒక్క వాసన, షేవింగ్ సబ్బు నురగలో, సెలూన్ పౌడరులో, పాత ఆఫ్టర్ షేవ్‌లో ఉండే ఆ శుభ్రమైన తీపి వాసన, తరతరాల సంప్రదాయమేమీ కాదు. అది రసాయన ప్రయోగశాలలో పుట్టింది. దక్షిణ అమెరికాలో పెరిగే టోంకా చెట్టు గింజల్లో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది. 1820లో రసాయన శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేశారు. గడ్డి కోసి ఆరబెట్టినప్పుడు వచ్చే తియ్యటి వాసన కూడా దీనిదే. పచ్చిగా ఉన్నంతసేపు గడ్డిలో ఆ వాసన ఉండదు. వాడిపోతున్న కొద్దీ కణాల్లో బందీగా ఉన్న పూర్వ పదార్థం విడిపోయి కూమరిన్‌గా మారుతుంది. 1868లో విలియం హెన్రీ పెర్కిన్ దీన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. పద్దెనిమిదేళ్ల వయసులో, 1856లో, మలేరియా మందు కోసం ప్రయత్నిస్తూ ఊదారంగు అద్దకాన్ని కనిపెట్టి ప్రపంచ ప్రసిద్ధుడైన పెర్కినే ఇతడు. తారులోంచి రంగులు తీసిన చేతులతోనే పరిమళాన్నీ తీశాడు. గింజల కోసం ఓడల మీద ఆధారపడే అవసరం తప్పింది. కావలసినంత కూమరిన్ చవగ్గా దొరికే రోజులు వచ్చాయి.

దానితో ఏం చేయాలో ఆలోచించిన వ్యక్తి పోల్ పార్కే. పారిస్‌లో 1775 నాటి ఊబిగాన్ సంస్థకు పరిమళ నిపుణుడు. 1882లో అతడు ఫూజేర్ రొయాల్ అనే సెంటు విడుదల చేశాడు. రాజసం గల ఫెర్న్ మొక్క అన్నది దాని అర్థం. ఫెర్న్‌కు చెప్పుకోదగ్గ వాసనంటూ లేదు. గులాబీ సెంటు గులాబీలా, మల్లె సెంటు మల్లెలా ఉండాలన్నది అప్పటిదాకా ఉన్న నియమం. లేనిదాన్ని ఊహించి కట్టడం పార్కే చేసిన కొత్త పని. మొదట బెర్గమాట్, లావెండర్. నడుమ గులాబీని తలపించే జెరేనియం. అడుగున చెట్టు బెరడు మీద పెరిగే ఓక్‌మాస్, దానికి జతగా ధారాళంగా కూమరిన్. అడవి నీడలో చలువ, ఎండుగడ్డి వెచ్చదనం, శుభ్రమైన బట్ట వాసన మూడూ ఒకేసారి తోచే మేళవింపు అది. ప్రకృతిని నకలు చేయడం మాని, సంగీతంలాగా సొంత భావాన్ని చెప్పగల కళగా సెంటు ఆ రోజే మారిందని చెప్పడంలో అతిశయోక్తి లేదు. ప్రయోగశాల పదార్థాన్ని ధైర్యంగా వాడిన తొలి గొప్ప సెంటుగా కూడా దాన్నే చెప్పుకుంటారు. లావెండర్, ఓక్‌మాస్, కూమరిన్ అన్న ఆ త్రయం మీద తర్వాత కట్టిన సెంట్లన్నిటికీ ఫూజేర్ అన్నదే వంశనామమైంది. సబ్బుల తయారీదార్లూ, క్షౌరశాలల సరఫరాదార్లూ ఆ మేళవింపును అందిపుచ్చుకున్నారు. తెలుగు ఊళ్ల సెలూన్లలో పటిక ముక్క పక్కన ఉండే ఆఫ్టర్ షేవ్ సీసాల్లో కూడా ఆ త్రయం ఛాయ కనిపిస్తుంది.

ఏడేళ్ల తర్వాత, 1889లో ఏమే గెర్లాన్ జికీని తెచ్చాడు. లావెండర్, కూమరిన్‌లకు కృత్రిమ వనిల్లిన్‌ను, పునుగును జోడించాడు. అది ఆడవారి కోసం ఉద్దేశించినది. కానీ మొదట దాన్ని ఇష్టంగా వాడింది మగవారేనని చెబుతారు. మగ, ఆడ అన్న విభజన సెంటులో ఉండదు, దాన్ని అమ్మే తీరులో ఉంటుందనడానికి జికీ మంచి సాక్ష్యం. 1904లో జాక్ గెర్లాన్ అదే బాటలో మగవారి కోసం ముష్వార్ ద మొస్యూ చేశాడు. పునుగు తెలుగువారికి కొత్తది కాదు. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత మూలవిరాట్టుకు పునుగు తైలం పూయడం ఆచారం. విడిగా, ఉన్నదున్నట్టు వాసన చూస్తే పునుగు ఘాటుగా, జంతువు ఒళ్లులా ఉంటుంది. రవ్వంత కలిస్తే మాత్రం పూల వాసనకు ప్రాణం పోస్తుంది. కస్తూరి కూడా అంతే. 1888లో ఆల్బర్ట్ బావుర్ కొత్త పేలుడు పదార్థం కోసం ప్రయోగాలు చేస్తుంటే కస్తూరి వాసన గల పదార్థం తేలింది. హిమాలయ మృగాన్ని చంపకుండానే ఆ వాసన దొరికే దారి పడింది. ఇప్పుడు సెంట్లలో పునుగు, కస్తూరి దాదాపు అన్నీ ప్రయోగశాలవే. ఈ ఒక్క విషయంలో పాతదానికన్నా కొత్తదే మేలు.

షీప్ర వంశానికి పేరు తెచ్చింది ఫ్రాన్స్వా కోటీ. 1917లో అతడు బెర్గమాట్, లాబ్డానం అనే బంక, ఓక్‌మాస్‌లతో కట్టిన సెంటుకు సైప్రస్ దీవి పేరు పెట్టాడు. ఓక్‌మాస్ నిజానికి నాచు కాదు, లైకెన్. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వును చేతిలో నలిపి వాసన చూస్తే ఓక్‌మాస్ ఎటువంటిదో కొంత అందుతుంది. రెండూ ఒకే జాతివి కాకపోయినా లైకెన్లే, మట్టి, తేమ, చెక్క కలిసిన ఆ లోతు రెండింటిలోనూ ఉంది. కోటీ చేసిన సెంటు ఆడవారిదే అయినా, తర్వాత ఆ కట్టడం మగవారి సెంట్లకు వెన్నెముకైంది. 1955లో ఆన్రీ రోబేర్ చేసిన షానెల్ పూర్ మొస్యూ అందులో నిమ్మకాయ వైపు మొగ్గినది, అత్యంత నిగ్రహం గలది. 1960ల మధ్యలో బెర్నార్డ్ షాన్ చేసిన అరామిస్ తోలు వాసన వైపు మొగ్గినది, గొంతెత్తి మాట్లాడేది.

మగవారికే అని స్పష్టంగా చాటుకుంటూ వచ్చిన తొలి ఫ్రెంచి సెంట్లలో కారోన్ సంస్థ వారి పూర్ అన్ ఓమ్ ముఖ్యమైనది. ఎర్నెస్ట్ దాల్ట్రోఫ్ 1934లో చేశాడు. ఎడాపెడా లావెండర్, దాని కింద వనిల్లా. ఇంత సరళమైన ఆలోచన తొంభై ఏళ్లు దాటినా అమ్మకంలో ఉంది. క్లాసిక్ సెంట్లతో పరిచయం పెంచుకోదలచినవారు దీనితో మొదలుపెడితే చాలా సంగతులు తెలిసివస్తాయి. ఎందుకంటే ఇందులో దాచుకున్నదేమీ లేదు. మొదటి నిమిషంలో మూలిక ఘాటు, రెండో గంటలో తీపి, ఆ రెంటి మధ్య ప్రయాణం తేటగా తెలుస్తుంది.

ఓల్డ్ స్పైస్ కథ అమెరికాది. విలియం లైట్‌ఫుట్ షుల్ట్జ్ 1934లో న్యూయార్క్‌లో షుల్టన్ కంపెనీ పెట్టాడు. 1937లో ముందుగా వచ్చింది ఆడవారి ఓల్డ్ స్పైస్. మగవారిది 1938లో వచ్చింది. అమెరికా వలస కాలాన్ని తలపించాలన్న ఉద్దేశంతో సీసా మీద తెరచాప ఓడల బొమ్మలు వేశారు. మొదట్లో సీసాలు కుమ్మరి పనితనంతో చేసినవి, తర్వాత పాలవంటి తెల్లటి గాజువి. ఇందులో నారింజ, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, కార్నేషన్ పువ్వు, అడుగున వనిల్లా, సాంబ్రాణి తీపి. చవకగా దొరుకుతుంది కనుక దీన్ని తీసిపారేసేవారున్నారు. అది న్యాయం కాదు. మసాలా సెంటు ఎలా నిలబడాలో చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ తక్కువ. తెలుగు ఇళ్లలో రెండు మూడు తరాల మగవారికి సెంటు అంటే ఇదే. 1990లో ఈ బ్రాండు ప్రాక్టర్ అండ్ గాంబుల్ చేతికి వెళ్లింది. ఆ తర్వాతి సీసాల్లో వాసన కొంత పలచబడిందని పాత అభిమానుల అభిప్రాయం.

వట్టివేరు సెంట్లు 1950ల చివర ఒక్కసారిగా వచ్చాయి. 1957లో కార్వెన్, 1959లో జివాంషీ, అదే ఏడాది గెర్లాన్. గెర్లాన్ వెటివెర్‌ను చేసిన జాన్ పోల్ గెర్లాన్‌కు అప్పుడు ఇరవై రెండేళ్లు. వేసవిలో గుమ్మాలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లిన ఇళ్లవారికి ఈ వాసన పరిచయం చేయనక్కర్లేదు. కానీ ఫ్రెంచివారు దానికి నిమ్మ, జాజికాయ, పొగాకు జతచేసి మట్టివాసనను గంజిపెట్టిన చొక్కాలా బిగుతుగా తీర్చారు. ఇప్పటి పరిశ్రమ వాడే వేరు ఎక్కువగా హైతీది, జావాది. హైతీ వేరు తేటగా ఉంటుంది, జావాది పొగ చూరినట్టు. కన్నౌజ్‌లో రాగి డేగిసాల్లో బట్టీపట్టే మన ఖస్ మాత్రం పచ్చగా, చెరువు గట్టులా ఉంటుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడడం ఏ పుస్తకమూ నేర్పలేని పాఠం.

1964లో ఫాబెర్జే వారి బ్రూట్ వచ్చింది. ఆకుపచ్చ సీసా, మెడలో వెండి పతకం. ఇది పార్కే ఫూజేర్‌కు నేరుగా వారసురాలు, జనసామాన్యానికి చేరిన రూపం. బాక్సర్ హెన్రీ కూపర్ ప్రకటనల ద్వారా ఇది బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసింది. రెండేళ్లకు, 1966లో, డియోర్ ఓ సొవాజ్‌తో మరో ఎత్తు కనిపించింది. దాన్ని చేసిన ఎద్మోన్ రూద్నిత్స్కా ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణం దగ్గర కాబ్రి గ్రామంలో ఉండి పనిచేసేవాడు, మాటల పొదుపు గల మనిషిలా సెంటులో కూడా అనవసరమైనది ఒక్కటీ ఉంచేవాడు కాదు. పాత కొలోన్ నిమ్మ వాసనను ఎక్కువ సేపు నిలపాలన్నది రెండున్నర శతాబ్దాల సమస్య. అందుకు అతడు ఫిర్మెనిష్ సంస్థలో ఎదూవార్ దెమోల్ మల్లె నూనెను పరిశోధిస్తూ తయారుచేసిన హెడియోన్‌ను వాడాడు. దానికి సొంత వాసన అతి పలచన, గాలి ఆడే మల్లెపందిరిలా. చుట్టూ ఉన్నవాటికి మాత్రం అది ఊపిరినిస్తుంది, విస్తరింపజేస్తుంది. నిమ్మ, తులసి, లావెండర్, ఓక్‌మాస్ ఆ గాలిలో తేలాయి. కొలోన్, షీప్ర వంశాలు ఒకచోట కలిసిన ఈ సెంటు మగవారి కోసం చేసినా ఆడవారూ చేతికందుకున్నారు. పాతకాలపు మగవారి సెంట్లన్నిటిలో ఒక్కటే ఎంచుకోవలసి వస్తే చాలామంది నిపుణులు దీన్నే చూపిస్తారు, దానికి తగిన కారణమూ ఉంది.

1973లో పాకో రబాన్ పూర్ ఓమ్, 1978లో అజారో పూర్ ఓమ్, 1982లో డ్రాకార్ న్వార్ ఫూజేర్‌కు మూలికలు, సోంపు, పైన్ చెక్క చేర్చి కొత్త ఒరవడి పట్టాయి. డ్రాకార్‌లో డైహైడ్రోమిర్సెనాల్ అనే ఉతికిన బట్టల చల్లదనపు రసాయనం ధారాళంగా పడింది. 1988లో పియేర్ బుర్దోన్ చేసిన కూల్ వాటర్ ఆ చల్లదనాన్ని సముద్రపు గాలి దాకా తీసుకెళ్లింది. అది గొప్ప సెంటే. కానీ దాని వెంట పడిన అనుకరణల తాకిడికి ఓక్‌మాస్, పునుగు, తోలు వెనక్కి తగ్గాయి. వింటేజ్ అన్న యుగం అక్కడ ముగిసింది.

ఇక ఇప్పటి సీసాలో ఉన్నదేమిటన్న ప్రశ్న. సుగంధ పరిశ్రమ 1973లో ఇఫ్రా అనే అంతర్జాతీయ సంఘాన్ని ఏర్పరచుకుంది. చర్మానికి అలర్జీ తెచ్చే పదార్థాల వాడకానికి అది హద్దులు పెడుతుంది. ఓక్‌మాస్‌లోని ఆట్రానాల్, క్లోరోఆట్రానాల్ అనే రెండు పదార్థాలు తీవ్రమైన అలర్జీ కారకాలని తేలడంతో, ఐరోపా సమాఖ్య 2017లో నిషేధం ప్రకటించి 2021 ఆగస్టు నాటికి అవి ఉన్న సరుకును అంగళ్లలోంచి పూర్తిగా తొలగించింది. లిలియల్ అనే పూలవాసన రసాయనం 2022 మార్చి 1 నుంచి పోయింది. ఓక్‌మాస్ నుంచి ఆ రెండు పదార్థాలను తీసేసి శుద్ధి చేసిన రకం ఇప్పుడు వాడుతున్నారు. అది అడుగు వాసనలో పాతంత లోతు ఇవ్వదు. మరోవైపు చందనం. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మనీకి చందనపు దుంగల ఎగుమతి ఆగిపోయినప్పుడు మైసూరు సంస్థానం 1916లో సొంత తైలం ఫ్యాక్టరీ పెట్టింది. ఆ మైసూరు తైలం క్లాసిక్ సెంట్లకు పేరెన్నికగన్న అడుగు. చెట్లు తరిగిపోయి ధర అందనంత పెరగడంతో దాని స్థానంలో ఆస్ట్రేలియా చందనం, కృత్రిమ పదార్థాలు వచ్చాయి. సెంటు చందనం అంటే శ్రీగంధమేనని, శేషాచలం ఎర్రచందనానికి పరిమళం లేదని ఈ సందర్భంలో గుర్తుంచుకోవడం మంచిది. ఆ పేర్ల తికమకను వాడుకుని అమ్మేవారు ఉన్నారు.

అంటే పేరు అదే, సీసా అదే, లోపలి ద్రవం మాత్రం మూడు నాలుగు సార్లు మారి ఉంటుంది. అసలైనవి ఎలా ఉండేవో తెలిసే చోటు ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో ఉంది. 1990లో జాన్ కెర్లెయో చొరవతో మొదలైన ఓస్మోతెక్ పాత సూత్రాల ప్రకారం సెంట్లు తిరిగి చేయించి, చీకట్లో, 12 డిగ్రీల చలిలో, ఆర్గాన్ వాయువు కింద భద్రపరుస్తుంది. ఫూజేర్ రొయాల్ పాత రూపం అక్కడ ఉంది. ఊబిగాన్ సంస్థ 2010లో ఆ పేరుతో ఒకదాన్ని మళ్లీ అమ్మకానికి పెట్టింది, అది పాతదాని పునఃసృష్టి కాదు, ఈ కాలపు వ్యాఖ్యానం.

ఎంపికకు వాతావరణమే మొదటి కొలబద్ద. వేడి పెరిగిన కొద్దీ అణువులు వేగంగా ఎగురుతాయి. ఉక్కపోతలో అవి ముఖం చుట్టూ ముసురుతాయి. ఫ్రాన్స్ చలికాలానికి చేసిన మసాలా సెంటును మే నెలలో విజయవాడలో వాడితే దానికీ, పక్కవారికీ అన్యాయమే. కోస్తా ఎండలకు కొలోన్, వట్టివేరు, ఓ సొవాజ్ తగినవి. ఫూజేర్ ఏడాది పొడవునా చెల్లుతుంది, వేసవిలో మోతాదు సగం చేస్తే చాలు. షీప్ర, మసాలా వంశాలు డిసెంబరు, జనవరి సాయంత్రాలకు. న్యూజెర్సీలోనో, లండన్‌లోనో స్థిరపడిన తెలుగువారికి ఈ లెక్క తిరగబడుతుంది, అక్కడ బరువైనవే తమ నిజరూపం చూపిస్తాయి.

పరీక్షించే పద్ధతికి తొందర పనికిరాదు. దుకాణంలో కాగితపు పట్టీ మీద వాసన చూసి డబ్బు కట్టేవారు నిజానికి పైవాసనను మాత్రమే కొంటున్నారు. క్లాసిక్ సెంట్ల గొప్పదనం దాదాపు అంతా అడుగున ఉంది. పట్టీ మీద నచ్చినదాన్ని ముంజేతి మీద ఒక్కసారి చల్లుకుని, అంగడి బయటికి వచ్చి, కనీసం నాలుగు గంటలు ఆగాలి. ఒకే రోజు రెండు మూడింటికి మించితే ముక్కు అలిసిపోయి తేడా పట్టదు. చర్మం జిడ్డుగా ఉన్నవారి ఒంటి మీద సెంటు ఎక్కువ సేపు నిలుస్తుంది, పొడి చర్మం మీద త్వరగా పోతుంది. పాత ఆఫ్టర్ షేవ్, కొలోన్, ఓ ద త్వాలెట్ ఒకే పేరుతో అమ్మినా వాటిలోని పరిమళ ద్రవ్యం పాలు వేర్వేరు, నిలుపు కూడా వేరు. వెల తక్కువ అనుకుని ఆఫ్టర్ షేవ్ కొని, సాయంత్రానికి వాసన లేదని నిరాశపడడం సాధారణంగా జరిగేది.

నిజంగా పాత సీసానే కావాలనుకునేవారు కాలం చేసే పని తెలుసుకుని కొనాలి. నిమ్మ జాతి నూనెలు గాలి తగిలి ఆక్సీకరణ చెంది తొలి నిమిషాల్లో గోళ్ల రంగు తొలగించే ద్రవంలా, పాడైన నూనెలా కొడతాయి. అడుగు వాసన మాత్రం తరచు బాగానే ఉంటుంది. పది నిమిషాలు ఓపికపట్టాక కూడా ఆ చెడు వాసన పోకపోతేనే సీసా చెడిందని లెక్క. అందుకే పాత కొలోన్ కొనడం వృథా, పాత ఫూజేర్, షీప్ర, మసాలా సెంట్లు కొనడంలో అర్థం ఉంది. సీసా వయసు పట్టడానికి అట్టపెట్టె సాయపడుతుంది. 2005 మార్చి నుంచి ఐరోపాలో అలర్జీ కలిగించగల 26 సుగంధ పదార్థాల పేర్లు పెట్టె మీద ముద్రించడం తప్పనిసరి అయింది. లిమొనీన్, లినలూల్, కూమరిన్ వంటి ఆ పేర్ల వరస లేని పెట్టె అంతకు ముందుదయ్యే అవకాశం ఎక్కువ. ఎవెర్నియా ప్రునాస్ట్రి అన్న పేరు కనిపిస్తే అందులో ఓక్‌మాస్ ఉన్నట్టే. ద్రవం రంగు బాగా ముదిరి, మట్టం మెడ కన్నా చాలా కిందికి దిగి ఉంటే మూత సరిగా బిగుసుకోలేదని అర్థం. స్ప్రే గల సీసాల్లోకి గాలి తక్కువగా చొరబడుతుంది కనుక, మూత తిప్పి ఒలకబోసుకునేవాటి కన్నా అవి మెరుగ్గా నిలుస్తాయి.

కొన్నాక దాచే చోటు కూడా ముఖ్యమే. స్నానాలగది అలమారలో వేడి, ఆవిరి రోజూ ఎక్కిదిగుతుంటాయి. కిటికీ పక్కన బల్ల మీద ఎండ పడుతుంది. ఈ రెండూ కాకుండా బీరువాలో, పెట్టెలోంచి తీయకుండా, నిలువుగా పెట్టిన సీసా తెలుగు నేల మీది వేసవులను కూడా ఏళ్ల తరబడి తట్టుకుంటుంది.